పదికి ఎంత

కాటాలు బాగుచేయడం నా వృత్తి. దుకాణంలో బల్లమీద పెట్టే చిన్న కాటా మొదలుకొని లారీని ఎక్కించి తూచే పెద్ద కాటా వరకు ఏది మొరాయించినా నన్నే పిలుస్తారు. బజారులో నా పేరు ఎవరికీ గుర్తులేదు, అందరికీ కాటా మేస్త్రినే. ముప్పై ఏళ్లు ఒకే పని చేస్తే మనిషి కూడా ఆ పనిలాగే తయారవుతాడు. "సుమారుగా", "కాస్త అటూ ఇటూ" లాంటి మాటలు వింటే నాకు ఒళ్లు మండుతుంది. మా మరదలికి ఇదొక వినోదం. "మా బావ కూరలో ఉప్పు తక్కువైందనడు, ఎన్ని గ్రాములు తక్కువైందో చెప్తాడు" అని కనిపించిన వాళ్లందరికీ చెప్పి నవ్వేది.

అందుకే నర్సు అంకెల పట్టీ ఒకటి తెచ్చి నా చేతిలో పెట్టినప్పుడు, ఆరు నెలల తర్వాత నాకు మొదటిసారి కాస్త ఊపిరాడింది. మా ఆవిడకు అండాశయంలో మొదలైన కేన్సర్ అప్పటికే వెన్నులోకి పాకింది. ఇక ఆపరేషన్లు లేవు, కీమో లేదు, ఇంటిదగ్గరే ఉంచి ఇబ్బంది లేకుండా చూసుకుందాం అన్నాడు పెద్ద డాక్టరు. మంగళవారం, శుక్రవారం నర్సు ఇంటికి వచ్చేది. నలభై ఏళ్లుంటాయి. స్కూటరు దిగి రాగానే ముందు చేతులు కడుక్కునేది, తర్వాతే పలకరించేది. ఆ క్రమం నాకు నచ్చింది.

పట్టీ మీద ఒక గీత, దానికింద సున్నా నుంచి పది దాకా అంకెలు, ఆ కింద రోజుకు మూడు ఖాళీ గడులు. "నొప్పి పదికి ఎంత ఉందో పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం అడిగి రాయండి" అంది నర్సు. "అసలు లేకపోతే సున్నా, ఇంతకు మించి ఉండదనుకుంటే పది. మాత్రలు వేళకి వేళ పడాల్సిందే. అంకె ఆరు దాటితే మాత్రం ఈ సీసాలో మందు, ఈ చిన్న కప్పులో గీత దాకా పోసి ఇవ్వండి." ఆరు నెలలుగా పక్కింటివాళ్లు, చుట్టాలు, డాక్టర్లు అందరూ "ఎలా ఉంది?" అని అడగడమే, నేను నీళ్లు నమలడమే. ఇప్పుడు దానికీ ఒక ముల్లు దొరికింది. ముల్లు ఎటు తిరిగితే అటు సరిచేయడం నాకు చేతనైన పని.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. మా ఇంట్లో "నొప్పి" అన్న మాట వాడం. పెళ్లయిన మూడో ఏట మా ఆవిడకు నొప్పులు వచ్చాయి. రెండు రోజులు వచ్చాయి. చివరికి మత్తిచ్చి, కోసి, బిడ్డను బయటికి తీశారు. బిడ్డ ఏడవలేదు. తను మత్తులోంచి తేరుకునేసరికి అంతా అయిపోయింది. "చూశారా?" అని అడిగింది. "లేదు, వాళ్లే తీసుకెళ్లిపోయారు" అన్నాను. "ఆడపిల్లా, మగపిల్లాడా?" అని అడిగింది. "నేను అడగలేదు" అన్నాను. రెండూ అబద్ధాలే. తెలిస్తే తట్టుకోలేదని పెద్దవాళ్లంతా నాకు నూరిపోశారు, నేనూ నమ్మాను. ఆ తర్వాత మాకు పిల్లలు కలగలేదు.

అప్పట్నుంచి ఈ ఇరవయ్యారేళ్లలో మా ఇంట్లో ఎవరికీ నొప్పి రాలేదు. తల పగిలిపోయింది, నడుం పట్టేసింది, కాలు పీకింది, పన్ను సలిపింది. మందుల షాపులో కూడా "తలకి మాత్ర ఇవ్వండి" అనేవాణ్ణి. ఇప్పుడు తనకు వస్తున్నదేమో నడుములో మొదలై అలలు అలలుగా వచ్చి పోతోంది, అచ్చం అప్పటిలాగే. ఆ మాటను నా నోటితో రోజుకు మూడుసార్లు ఎలా అడగను? అందుకని నర్సు చెప్పిన ప్రశ్నలో ఒక్క మాట మార్చాను. నొప్పి తీసేసి బాధ పెట్టాను. రెండూ ఒకటేగా అనుకున్నాను. బజారు మొత్తానికీ గ్రాము తేడా రానివ్వని మనిషిని, అక్కడ మాత్రం సుమారుగా సర్దుకున్నాను.

మొదటి రోజు పొద్దున పెన్ను, పట్టీ పట్టుకుని మంచం పక్కన కూర్చున్నాను.

"బాధ పదికి ఎంత ఉంది?"

తను చాలాసేపు నా మొహంలోకి చూసింది. "నిజంగానే అడుగుతున్నారా?" అంది.

"రాసుకోవాలి."

"అయితే తొమ్మిది రాసుకోండి."

సీసా మూత తీసి, గీత దగ్గర కంటిని సమంగా పెట్టి మందు పోసి ఇచ్చాను. తను ఆ మందు వైపు, నా వైపు మార్చి మార్చి చూసి, తాగేసింది. మధ్యాహ్నం అడిగితే తొమ్మిది. సాయంత్రం ఎనిమిది. మర్నాడు మళ్లీ తొమ్మిది. మంగళవారం నర్సు వచ్చేసరికి తను నిద్రపోతోంది. నర్సు పట్టీ చూసి కనుబొమలు ముడిచింది, డాక్టరుకు ఫోన్ చేసింది, మాత్రల మోతాదు పెంచారు. శుక్రవారానికి కూడా అంకె దిగలేదు. మళ్లీ పెంచారు.

నిద్ర ఎక్కువైంది. చెంచాతో పాలు పడుతుంటే సగంలో కళ్లు మూతలు పడేవి. మాట మొదలుపెట్టి మధ్యలో వదిలేసేది. మా ఆవిడ కోర్టులో టైపిస్టుగా పాతికేళ్లు పనిచేసిన మనిషి, వాక్యం సగంలో వదలడం ఆమె జన్మలో చేయలేదు. ఆ సగం సగం మాటలు వింటూ నేను మాత్రం పట్టీ నింపుకుంటూ కూర్చున్నాను. మెలకువ వచ్చినప్పుడల్లా అడగడం, తను "ఎనిమిది" అనో "తొమ్మిది" అనో గొణగడం, నేను సీసా తీయడం.

మా మరదలు రోజూ మధ్యాహ్నం వచ్చి అక్క కాళ్లకు నూనె రాసి వెళ్లేది. ఆ వారం ఆమె నవ్వలేదు.

"అక్క నాతో సరిగ్గా మాట్లాడి నాలుగు రోజులైంది, బావా."

"బాధ తెలియకుండా పడుకుంటోంది. అంతకంటే ఏం కావాలి?"

"తెలియట్లేదని నీకెలా తెలుసు? అడిగితే తొమ్మిదంటోందిగా. నిద్రపోతూ కూడా తొమ్మిది బాధపడుతుంటే, ఇక ఆ మందెందుకు?"

నాకు కోపం వచ్చింది. పట్టీ చూసి మాట్లాడమన్నాను. రోజూ వచ్చి గంటసేపు కూర్చుని వెళ్లేవాళ్లకు ఏం తెలుస్తుందని కూడా అన్నాను. ఆ మాట ఇప్పటికీ నన్ను గుచ్చుతోంది, ఎందుకంటే ఆ ఇంట్లో సరిగ్గా చూసింది ఆమే.

ఆ తర్వాతి మంగళవారం నర్సు వెళ్లే తొందరలో లేదు. గడియారం చూస్తూ మా ఆవిడ శ్వాస లెక్కపెట్టింది, కనురెప్పలు ఎత్తి చూసింది. "మోతాదు ఈవిడకు ఎక్కువే అవుతోంది. ఇంత మగతలో నొప్పి తొమ్మిదంటే నాకు అర్థం కావట్లేదు. లేచేదాకా ఉంటాను" అంది. కుర్చీ లాక్కుని కూర్చుంది. ముప్పావుగంటకు తను కళ్లు తెరిచింది. నర్సు మెల్లగా పక్కకు తిప్పి, వెన్ను మీద పైనుంచి కిందికి వేళ్లతో నొక్కుతూ వచ్చింది.

"ఇక్కడ నొప్పి ఉందా?"

"లేదు."

"ఇక్కడ?"

"కొద్దిగా. మూడు ఉంటుందేమో. మాత్రలు పెంచాక తగ్గింది సిస్టర్."

"మరి పొద్దున తొమ్మిదని చెప్పారట కదా."

మా ఆవిడ కళ్లు మళ్లీ మూతలు పడుతున్నాయి, కానీ ఆ వాక్యం మాత్రం పూర్తిగా చెప్పింది. "ఆయన నొప్పి అడగలేదు సిస్టర్. బాధ ఎంతుందని అడిగారు. అడిగినదానికి చెప్పాను."

నర్సు నా వైపు తిరిగింది. నా చేతిలో పట్టీ ఉంది, రెండు వారాల అంకెలు, ఒక్క గడి కూడా ఖాళీ లేకుండా. నాకు తల కొట్టేసినట్టయింది. ఎవరి దుకాణంలోనైనా కాటా తప్పు చూపిస్తే నలుగురిలో నిలదీసే మనిషిని నేను. తప్పు ప్రశ్న అడిగి, వచ్చిన జవాబును పట్టుకుని, నా చేత్తో నేనే కొలిచి కొలిచి మా ఆవిడకు మత్తు పోశాను. ఆమెకు మిగిలిన రోజుల్లో రెండు వారాలు అలా పోయాయి.

నర్సు తిట్టలేదు. డాక్టరుతో మాట్లాడి మోతాదు కొంత తగ్గించింది. వెళ్తూ వెళ్తూ గుమ్మం బయట చెప్పులు వేసుకుంటూ నన్ను పిలిచింది.

"రేపటికో ఎల్లుండికో మగత తగ్గుతుంది. మనసు తేటగా ఉంటుంది. అయితే ఈ తేట ఎన్నాళ్లో నేను చెప్పలేను. వారమో, పది రోజులో. వెన్నులోది మళ్లీ పైకి లేస్తుంది, అప్పుడు మందు పెంచక తప్పదు. ఈసారి నిజంగానే పెంచాలి."

"సరే."

"ఆవిడ బాధేంటో మీకు తెలుసా?"

"తెలీదు" అన్నాను.

"నొప్పికైతే నా దగ్గర మందులున్నాయి. దీనికి మీరు అడగాల్సిందే" అని స్కూటరు ఎక్కింది.

తెలీదన్నది మూడో అబద్ధం. నాకు తెలుసు. మత్తులోంచి తేరుకుని "చూశారా?" అన్న ఆ గొంతు నా చెవిలోంచి ఎన్నడూ పోలేదు. అడిగితే ఏం వస్తుందో తెలుసు కాబట్టే అడగడానికి భయపడ్డాను. ఇరవయ్యారేళ్ల అబద్ధాన్ని పోయే మనిషి ముందు విప్పడం కంటే, ఆమె ఆ అబద్ధంతోనే ప్రశాంతంగా పోతే మేలనుకున్నాను. తొమ్మిది, తొమ్మిది, ఎనిమిది అని నా చేతిరాతే చెబుతున్నా అలాగే అనుకున్నాను. పిరికివాడికి వంకలు బాగా దొరుకుతాయి.

గురువారానికి తను తేరుకుంది. దిండ్లు పెట్టించుకుని కూర్చుంది, చెల్లెలితో జడ వేయించుకుంది, జడ వదులైందని సణిగింది కూడా. ఆ సణుగుడు విని నాకు ఏడుపొచ్చింది. గదిలోకి వెళ్లాను, పట్టీ తీశాను, "నొప్పి ఎంత?" అని అడిగాను. ఇరవయ్యారేళ్ల తర్వాత ఆ మాట నా నోట్లోంచి వచ్చింది. "మూడు" అంది. రాసుకుని బయటికి వచ్చేశాను. శుక్రవారం, శనివారం కూడా అదే చేశాను. ఆదివారం బజారులో ఒక దుకాణానికి వెళ్లి, ఏమీ పాడవని కాటాను విప్పి శుభ్రం చేసి, మళ్లీ బిగించి వచ్చాను. దుకాణదారు నన్ను వింతగా చూశాడు.

సోమవారం మధ్యాహ్నం మా మరదలు నన్ను చెయ్యి పట్టుకుని గదిలోకి తీసుకొచ్చి, మంచం పక్క కుర్చీలో కూర్చోబెట్టింది.

"నేను టీ పెట్టుకొస్తా. అరగంట పడుతుంది."

"టీకి అరగంటెందుకు?"

"నాకు అంతే పడుతుంది, బావా" అని తలుపు దగ్గరగా వేసి వెళ్లింది.

మా ఆవిడ కిటికీ వైపు చూస్తోంది. ఎదురింటి వాళ్లు తాడు మీద దుప్పట్లు ఆరేస్తున్నారు. నేను గొంతు సవరించుకున్నాను, మళ్లీ సవరించుకున్నాను.

"ఏంటి నీ బాధ?" అన్నాను.

తను కిటికీ వైపు నుంచి నా వైపు తిరిగింది. "మీరు దాన్ని చూశారు కదా" అంది.

నేను తల దించుకున్నాను.

"పదిహేనేళ్ల కిందట మనం బస్సు కోసం నిలబడి ఉంటే, స్కూలు పిల్లలు గుంపుగా పోతున్నారు. మీరు వాళ్లను చూసి, 'అది ఉండుంటే ఈపాటికి ఇంతై ఉండేది' అన్నారు. వాడు అనలేదు, అది అన్నారు. అనేసి నాలిక్కరుచుకున్నారు. సాక్షులు ఏ మాట అంటే ఆ మాటే టైపు కొట్టడం నా పని, మాట మారితే నాకు తెలీదా? ఆడపిల్లని ఆ రోజు తెలిసింది. మీరు చూశారని కూడా ఆ రోజే తెలిసింది."

"మరి అప్పుడే ఎందుకు అడగలేదు?"

"మీరే చెప్తారని చూశాను. చూస్తూనే ఉన్నాను. ఇంక చూడ్డానికి రోజుల్లేవు, అదే నా బాధ. అది ఎలా ఉందో తెలియకుండానే పోతానేమోనని."

చెప్పాను. ఆస్పత్రి మెట్ల పక్కన ఒక బెంచీ ఉండేది. ఆయా ఒక తువ్వాలులో చుట్టి తెచ్చి నా ఒళ్లో పెట్టింది. చుట్టూ ఎవరూ లేరని చూసుకుని తువ్వాలు విప్పాను. జుట్టు ఒత్తుగా, నల్లగా, తడిగా నుదుటికి అంటుకుని ఉంది. చెవులు చిన్నవి, తమ్మెలు చెంపకు అతుక్కుని, అచ్చం మా ఆవిడ చెవులే. పెదవులు గట్టిగా మూసుకుని ఉన్నాయి, అలిగిన పిల్లలా. వేళ్లు విప్పి చూశాను. గోళ్లు పెరిగి ఉన్నాయి. పుట్టని పిల్లకు గోళ్లు పెరుగుతాయని నాకు అంతకుముందు తెలియదు. ఒక గోరు అంచు తువ్వాలు దారానికి చిక్కుకుంటే, లాగితే ఎక్కడ తెగుతుందోనని మెల్లగా విడదీశాను. గంటసేపు అలాగే కూర్చున్నాను. తర్వాత బిడ్డను తీసుకెళ్లడానికి మా పెద్దవాళ్లు వచ్చారు, నేను ఎవరికీ ఇవ్వలేదు, నా చేతులతోనే తీసుకెళ్లి మట్టిలో పెట్టాను.

"బరువు ఎంతుంది?" అంది తను.

"రెండు కిలోల ఆరువందలు."

"తూచారా?"

"లేదు. చేతికి తెలిసింది."

తను నవ్వింది. నవ్వుతుంటేనే కళ్లలోంచి నీళ్లు కారి చెవుల్లోకి పోయాయి. తుడవబోతే నా చెయ్యి తోసేసింది.

"ఇరవయ్యారేళ్లు దాన్ని మీరొక్కరే దగ్గర పెట్టుకున్నారు" అంది.

ఇన్నేళ్లూ ఆ బరువంతా ఆమెకు తగలకుండా నేనే మోశానని నాలో నేను గొప్పపడేవాణ్ణి. ఆమె మాటల్లో అది దొంగతనం. బిడ్డను ఒళ్లో పెట్టుకుని కూర్చున్న ఆ గంటసేపును, చూసిన జుట్టును, ముట్టుకున్న గోళ్లను ఆమెకు చిన్నమెత్తు కూడా ఇవ్వకుండా దాచుకున్నాను. నువ్వు తట్టుకోలేవని అందరూ చెప్పారు అన్నాను.

"అందరినీ అడిగారు. నన్నే అడగలేదు" అని గోడ వైపు తిరిగిపోయింది.

నేను కుర్చీలోంచి లేవలేదు. మా మరదలు టీ తెచ్చి, మా ఇద్దరి మొహాలు చూసి, కప్పులు బల్లమీద పెట్టి గుమ్మంలోనే నిలబడిపోయింది. టీ మీద మీగడ కట్టింది. చాలాసేపటికి, గోడ వైపు నుంచి తిరగకుండానే మా ఆవిడ అంది:

"మళ్లీ చెప్పండి. బెంచీ దగ్గర్నుంచి. చెల్లీ వింటుంది, దానికి పిన్నేగా."

మళ్లీ చెప్పాను. మధ్యలో ఆపి, "జుట్టు తడిగా ఉందన్నారు ఇందాక, ఇప్పుడు అనలేదు" అని దిద్దింది. మా మరదలు గుమ్మంలో కూలబడి ఏడ్చింది.

ఆ తర్వాత తను పదమూడు రోజులు ఉంది. నర్సు చెప్పినట్టే ఐదో రోజుకు నొప్పి తిరగబెట్టింది, మోతాదు పెరిగింది, చివరి రోజుల్లో అసలు లేవలేదు. క్షమించానని ఎప్పుడూ అనలేదు. నాకూ అడగడానికి మొహం చెల్లలేదు. కానీ ఆ నాలుగు రోజుల్లో నాచేత ఆ సంగతి ఎన్నిసార్లు చెప్పించుకుందో లెక్కలేదు.

నేను చెప్పిన మర్నాడు, మంగళవారం, నర్సు ఎప్పటిలాగే వచ్చింది. మందులు, పక్క, వెన్ను అన్నీ చూసి, దుప్పటి సర్దుతుంటే మా ఆవిడ ఆమె చెయ్యి పట్టుకుని ఆపింది.

"సిస్టర్, మా అమ్మాయికి పుట్టేసరికే గోళ్లు పెరిగాయి" అంది.

మా ఇంట్లో "మా అమ్మాయి" అన్న మాట అంతకుముందు ఎవరూ అనలేదు. నర్సుకు ఏమీ అర్థం కాలేదు. ఇన్ని వారాలుగా వస్తోంది, ఈ ఇంట్లో పిల్లల ఊసే ఎప్పుడూ వినలేదు.

"మీకు అమ్మాయి ఉందా అమ్మా?" అని నెమ్మదిగా అడిగింది.

"ఉంది" అంది మా ఆవిడ. "ఈయన చూశారు."

ఆ మాట అంటున్నప్పుడు తను నా వైపు చూడలేదు.